సీనియర్ చెప్పిన మాట ప్రమాణమేనా?

పీహెచ్‌డీలో చేరిన కొత్తలోనే జీవశాస్త్ర విద్యార్థికి ఒక వేదాంత ప్రశ్న ఎదురవుతుంది. అది వేదాంతమని ఆ క్షణంలో తట్టదు. డీఎన్‌ఏ ఉన్న ద్రావణంలో కాస్త ఉప్పు కలిపి, చల్లటి ఆల్కహాల్ పోసి, సెంట్రిఫ్యూజులో తిప్పి, ట్యూబును లైటుకు ఎత్తిపట్టి చూస్తాడు. అడుగున ఏమీ కనబడదు. పక్కనున్న సీనియర్‌ను అడుగుతాడు.

"ఏదక్కా, ఏమీ కనబడట్లేదే?"

"కనబడదురా. అక్కడే ఉంది, నమ్ము. పారబోసేటప్పుడు ఆ పక్క జాగ్రత్త."

ఛాందోగ్యోపనిషత్తు తెలిసినవాళ్లకు ఈ సంభాషణ ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత మర్రిపండు తెప్పిస్తాడు. పగలగొట్టమంటాడు. లోపల సన్నటి గింజలు. ఒక గింజను చీల్చమంటాడు. ఇందులో ఏమీ లేదంటాడు కొడుకు. నీ కంటికి ఆనని ఆ సూక్ష్మంలోంచే ఇంత మర్రిమాను లేచి నిలబడిందని చెప్పి, శ్రద్ధ ఉంచు నాయనా అంటాడు తండ్రి. శ్వేతకేతు అప్పటికే పన్నెండేళ్లు గురువు దగ్గర చదివి, తనకు రానిది లేదనుకుని ఇంటికొచ్చిన ఇరవై నాలుగేళ్లవాడు. ఎమ్మెస్సీ ముగించి, నెట్ రాసి, జేఆర్‌ఎఫ్ సంపాదించి యూనివర్సిటీ ల్యాబులో అడుగుపెట్టే కుర్రవాడి వయసూ ఇంచుమించు అంతే. ధీమా కూడా అంతే.

మర్రిగింజ దగ్గర కన్ను ఆగిపోతుంది. ల్యాబులో దాని తర్వాత ఇంకో మెట్టుంది. ఆ కనబడని సరుకులో ఒక చుక్క జెల్‌లో వేసి, కరెంటు పెట్టి, ఎథీడియం బ్రోమైడ్ అద్దకంతో అతినీలలోహిత కాంతి కింద చూస్తే నారింజ రంగు గీత వెలుగుతుంది. అక్క అబద్ధం చెప్పలేదని తేలుతుంది. ఈ ఒక్క మెట్టు చూపించి, సైన్సులో నమ్మకానికి చోటు లేదని చాలామంది వాదిస్తారు. 1660లో పుట్టిన లండన్ రాయల్ సొసైటీ కూడా ఎవరి మాటనూ ప్రమాణంగా తీసుకోవద్దనే అర్థం వచ్చే లాటిన్ నినాదాన్నే తన చిహ్నం మీద పెట్టుకుంది. వినడానికి గొప్పగా ఉంటుంది. దాన్ని అక్షరాలా పాటించిన విద్యార్థి అయిదేళ్లకు కాదు, యాభై ఏళ్లకు కూడా థీసిస్ ఇవ్వలేడు.

ఒక్కరోజు పనిలో ఎన్ని మాటలు నమ్మాలో చూడండి. ఎంజైము డబ్బా మీద కంపెనీవాడు రాసింది నమ్మాలి. మైనస్ ఎనభై ఫ్రీజరులో, మంచు పేరుకున్న పెట్టెలో, ఎవరో ఎప్పుడో మార్కరు పెన్నుతో రాసి, సగం చెరిగిన పేరును నమ్మాలి. ప్రైమర్లు తాను అడిగిన వరసలోనే తయారై వచ్చాయని నమ్మాలి. యాంటీబాడీ పట్టుకోవాల్సిన ప్రొటీన్‌నే పట్టుకుంటుందని నమ్మాలి.

"అన్నా, ఇది ఒకటికి వెయ్యి పాళ్లలోనే ఎందుకు కలపాలి?"

"మన ల్యాబులో అంతే."

"ఎవరు చూశారు?"

"నాకు ముందున్న ఆవిడ. పోస్ట్‌డాక్‌కి వెళ్లిపోయింది."

ఆగమశాస్త్రం ప్రకారం అర్చన ఎందుకిలా చేస్తారని అడిగితే పూజారిగారు ఇచ్చే జవాబుకూ దీనికీ ఎంత దూరం? ఈ ప్రశ్నను నవ్వి వదిలేయలేం. మన తార్కికులు దీనిమీద వందల ఏళ్లు తలలు బద్దలు కొట్టుకున్నారు.

చార్వాకులకు చిక్కే లేదు. కళ్లతో చూసింది తప్ప మరేదీ ప్రమాణం కాదన్నారు. ఆ లెక్కన ల్యాబుకు తాళం వేసుకోవాలి. నైయాయికులు నాలుగు ప్రమాణాలు ఒప్పుకున్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుడి మాట. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు చెప్పాడు (కామసూత్రాల ఆయన కాదు, న్యాయభాష్యం రాసిన ఆయన). విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. అంతే. పైగా ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒక్కటేనని కలిపాడు. ఈ ఒక్క మాటతో హోదా ఎగిరిపోయింది, తెలిసినతనం, నిజాయితీ మిగిలాయి. ఆటోక్లేవ్ ఏ శబ్దం చేస్తే ఆపేయాలో ప్రొఫెసరుకు తెలియకపోవచ్చు. పదిహేనేళ్లుగా దాన్ని నడుపుతున్న అటెండరుకు తెలుసు. ఆ విషయంలో ఆప్తుడు అటెండరే. కొత్తగా చేరినవాళ్లు మొదట తెలుసుకోవాల్సింది ఎవరు దేనికి ఆప్తులన్నదే. గైడుకు తెలిసిన సంగతులు వేరు, రెండో ఏడాది స్కాలరుకు తెలిసిన సంగతులు వేరు.

మరి ఆప్తుడే పొరబడితే?

ఈ ప్రశ్నకు జీవశాస్త్రంలో ఒక పెద్ద కథే ఉంది. మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? ఇప్పుడు పదో తరగతి పిల్లలు కూడా 46 అంటారు. 1950ల మధ్యదాకా ప్రపంచంలోని జీవశాస్త్రవేత్తలంతా 48 అనేవారు. ఆ అంకెను నిలబెట్టినవాడు టెక్సాస్‌లోని థియోఫిలస్ పెయింటర్. చేతకానివాడేం కాదు, ఆ కాలపు గొప్ప పరిశీలకుల్లో ఒకడు. 1921లో రాసిన తొలి పేపరులో, బాగా స్పష్టంగా ఉన్న కణాల్లో తనకు 46 మాత్రమే కనిపించాయని కూడా ఆయన రాసుకున్నాడు. తర్వాత, 1923 నాటికి, 48 దగ్గర స్థిరపడ్డాడు. అప్పటి పద్ధతుల్లో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడిపోయేవి. లెక్కపెట్టడం కంటే ఊహించడమే ఎక్కువ. ఆ ఊహ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లు జనం లెక్కపెట్టి 48 తెచ్చుకోలేదు, 48 వచ్చేదాకా లెక్కపెట్టారు.

1952లో అదే టెక్సాస్‌లో, గాల్వెస్టన్‌లో పనిచేస్తున్న టి.సి. సూకు అదృష్టం తలుపు తట్టింది. కణాలను కడగాల్సిన ఉప్పునీళ్లు ఎవరి పొరపాటు వల్లో పలచగా తయారయ్యాయి. కణాలు నీరు పీల్చుకుని ఉబ్బాయి, క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. అంత చక్కటి దృశ్యం అప్పటికి ఎవరికీ దొరకలేదు. మనిషి క్రోమోజోముల మీద అదే ఏడు ఆయన అచ్చువేసిన పేపరులో ఉన్న అంకె? 48. కళ్లముందు ప్రత్యక్షం ఉన్నా శబ్దమే గెలిచింది.

అసలు సంగతి బయటపడింది స్వీడన్‌లో. జావాలో పుట్టి, స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో లుండ్‌లోని ఆల్బర్ట్ లెవాన్ ల్యాబులో పనిచేసుకునే జో హిన్ చియో 1955 డిసెంబరులో స్లైడులు చూసి 46 లెక్కపెట్టాడు. మళ్లీ చూశాడు. మళ్లీ 46. 1956లో లెవాన్‌తో కలిసి ప్రకటించాడు. ఆ పేపరులోనే ఒక చిన్న సంగతి ఉంది. లుండ్‌లోనే అంతకుముందు మరికొందరు మనిషి కాలేయ కణాలను పరిశీలిస్తూ, 48 క్రోమోజోములు ఎంతకీ దొరక్క ఆ పనిని మధ్యలో ఆపేశారట. వాళ్ల స్లైడుల్లో మళ్లీ మళ్లీ వచ్చిన అంకె 46. నిజం చేతికి అందింది, కానీ అందరి మాటకూ విరుద్ధంగా ఉంది కాబట్టి తప్పు తమదే అనుకున్నారు. కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ మొదటి రోజున చెప్పవలసిన కథ ఇదే. సేఫ్టీ పాఠం మర్నాడు చెప్పుకోవచ్చు.

ఆ రెండు క్రోమోజోముల తేడా ఉత్త లెక్కల ముచ్చట కూడా కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 ఉన్నాయని పారిస్ పరిశోధకులు 1959లో చూపించారు. అందరికీ ఉండేవి 46 అని తెలియకపోతే 47 అంటే ఒకటి ఎక్కువని ఎవరికి తెలుస్తుంది?

ఇక్కడ మీమాంసకులను పిలవక తప్పదు. ఏడో శతాబ్దపు కుమారిలభట్టు వేదాన్ని నిలబెట్టడానికి చేసిన వాదం ఒకటుంది. జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం. తప్పని తేలేదాకా అది ఒప్పే. అలాకాక ప్రతి జ్ఞానానికీ మరో జ్ఞానం సాక్ష్యం కావాలంటే, ఆ సాక్ష్యానికి ఇంకో సాక్ష్యం కావాలి, దానికి అంతుండదు. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం సరైనదో కాదో బయటినుంచే తేలాలి, ఆచరణలో ఫలిస్తేనే అది ప్రమాణం అన్నారు. నీళ్లనుకుని దగ్గరికి వెళితే దాహం తీరాలి.

ఏ ల్యాబునైనా నాలుగు రోజులు గమనిస్తే తెలిసిపోతుంది: మాటల్లో అందరూ నైయాయికులు, చేతల్లో అందరూ మీమాంసకులు. డబ్బా మీద ఉన్న పేరు తప్పని తేలేదాకా ఒప్పే. దీనికి తప్పుపట్టడానికి లేదు. పని నడవాలంటే అలాగే ఉండాలి. చిక్కల్లా 'తప్పని తేలేదాకా' అన్న మాట దగ్గరుంది. తప్పని తేల్చే ఏర్పాటు ఒకటి ఉండాలి కదా! అది లేనిచోట కుమారిలుడి వాదం సోమరితనానికి గొడుగు పడుతుంది.

హీలా కణాలే సాక్ష్యం. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ కణితి నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలవి. చావులేకుండా పెరుగుతూ ప్రపంచమంతా పాకాయి. ఎంత బలంగా పాకాయంటే, వేరే కణాల గిన్నెలో ఒక్క చుక్క పడ్డా చాలు, కొన్నాళ్లకు ఆ గిన్నె అంతా హీలాయే. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అనే జన్యుశాస్త్రవేత్త, రకరకాల అవయవాల పేర్లతో వాడుకలో ఉన్న 18 కణవంశాలను పరీక్షించి, అన్నీ హీలాలాగే ఉన్నాయని ఒక సమావేశంలో చెప్పాడు. వాటిలో కాలేయమని పేరు పెట్టుకున్నవీ, పేగు అని పేరు పెట్టుకున్నవీ ఉన్నాయి. వినడానికి సభ ఇష్టపడలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కూడా అవే పాత పేర్లతో అవే కణాల మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ కణాలని వందలాది పేపర్లలో వాడిన ఎండీఏ-ఎంబీ-435 చివరికి చర్మ క్యాన్సర్‌వని తేలింది. ఎస్‌టీఆర్ పరీక్ష చేయిస్తే ఏ కణం ఎవరిదో తెలిసిపోతుంది. ఆ పరీక్ష అందుబాటులోకి వచ్చి ఏళ్లయింది. చేయించనివాళ్లు ఇంకా ఉన్నారు. డబ్బాను అనుమానిస్తే, ఆ డబ్బా ఇచ్చిన పెద్దాయనను అనుమానించినట్టవుతుందని మొహమాటం.

సరే, పరీక్షిస్తాం. పరీక్షించే పరికరాన్ని ఎవరు పరీక్షిస్తారు? బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో నైయాయికులను నిలదీసింది ఇక్కడే. మీ ప్రమాణాలు అన్నిటినీ నిరూపిస్తాయి సరే, వాటిని నిరూపించేదేది? న్యాయసూత్రాల్లో దీనికో జవాబుంది. త్రాసు బంగారాన్ని తూస్తుంది, కావాలంటే బరువు తెలిసిన బంగారంతో ఆ త్రాసునే సరిచూసుకోవచ్చు. ఒకసారి ప్రమాణమైనదే ఇంకోసారి ప్రమేయం, అంటే పరీక్షకు నిలబడేది. ల్యాబులో బ్యాలెన్సును ఏటా క్యాలిబ్రేట్ చేయించి స్టిక్కరు అంటించడం వెనక ఉన్నది ఈ ఆలోచనే. కారణం ఉన్నచోట ఫలితం రావాలి, లేనిచోట రాకూడదన్న అన్వయ వ్యతిరేకాలే పాజిటివ్ కంట్రోల్, నెగటివ్ కంట్రోల్. కొత్త విద్యార్థికి నెగటివ్ కంట్రోల్ దండగ అనిపిస్తుంది. నీళ్లు పోసిన ట్యూబులో ఏం వస్తుంది, ఒక రియాక్షన్ ఖర్చు తప్ప? ఆ నీళ్ల ట్యూబులోనూ గీత వెలిగిన రోజున, నెలరోజుల పని కలుషితమైందని తెలిసిన రోజున, దాని విలువ బోధపడుతుంది.

తెలుగువాళ్లకు ఈ విషయంలో దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. యవ్వనంలో సన్యాసం వైపు, రామకృష్ణ మిషన్ వైపు మొగ్గినవాడు. మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఆసరాతో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ల్యాబులో చేరాడు. అప్పట్లో కండర శాస్త్రానికి లాక్టిక్ ఆమ్లమే దేవుడు, కండరం ముడుచుకోవడానికి అదే కారణమని నమ్మేవారు. ఆ పరిశోధనకే హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. ఫిస్క్, సుబ్బారావు 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. జీవరసాయన శాస్త్రం చదివిన ప్రతివాళ్లూ ఆ పద్ధతి పేరు పరీక్షలో రాసినవాళ్లే. ఆ పద్ధతిని కండర ద్రవాలకు వాడితే ఒక వింత కనిపించింది. నీలిరంగు రావాల్సినంత వేగంగా రాలేదు, నెమ్మదిగా చిక్కబడింది.

పద్ధతి వాళ్లది. కొత్తది. రంగు ఆలస్యమైతే రసాయనం పాతబడిందనో, చెయ్యి తిరగలేదనో అనుకుని వదిలేయడం చాలా తేలిక. వాళ్లు వదల్లేదు. కండరంలో ఫాస్ఫేటు ఇంకో పదార్థంతో జతకట్టి ఉండి, పరీక్షలో కొద్దికొద్దిగా విడిపోతున్నందువల్లే ఆలస్యమని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీ. (అదే సమయానికి జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనిపెట్టాడు.) 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని చూపడంతో పాత సిద్ధాంతం కుప్పకూలింది. లుండ్‌లోనివాళ్లకు 46 కనిపిస్తే పని ఆపేశారు. బోస్టన్‌లోనివాళ్లకు రంగు ఆలస్యమైతే పని మొదలుపెట్టారు. రెండుచోట్లా శ్రద్ధకు లోటు లేదు. ఒకచోట శ్రద్ధ అందరూ ఒప్పుకున్న అంకె మీద ఉంది, రెండోచోట తమ చేతిలో ఉన్న ట్యూబు మీద ఉంది.

శ్రద్ధకు ఇంకో వేషం కూడా ఉంది: గురుభక్తి. ఇదే ప్రమాదకరమైనది. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో హ్వాంగ్ వూ-సుక్ మనిషి పిండాన్ని క్లోన్ చేసి మూలకణాలు తీశానని 2004, 2005లలో సైన్స్ పత్రికలో ప్రకటించినప్పుడు కొరియా ఆయనను జాతీయ వీరుడిగా కొలిచింది. ఆయన ల్యాబులోని ఇద్దరు జూనియర్ పరిశోధకురాళ్లు ప్రయోగాల కోసం తమ అండాలనే ఇచ్చారని తర్వాత బయటపడింది. గైడుకు కాదనలేని స్థితిలో ఉన్న విద్యార్థి ఇచ్చిన సమ్మతిని సమ్మతి అనొచ్చా? ఆ ల్యాబులో పనిచేసి బయటికొచ్చిన ఒక యువ పరిశోధకుడే టీవీవాళ్లకు ఉప్పందించాడు. జనం ముందు తిట్టింది టీవీవాళ్లనే. ప్రకటనలిచ్చే కంపెనీలు ఆ సంగతి బయటపెట్టిన టీవీ కార్యక్రమం నుంచి తప్పుకున్నాయి. చివరికి డేటా కల్పితమని తేలి, 2006 జనవరికి రెండు పేపర్లూ రద్దయ్యాయి.

గురుశిష్య సంప్రదాయమంటే నోరెత్తకపోవడమే అనుకునేవాళ్లు ప్రశ్నోపనిషత్తు ఒకసారి తిరగేయాలి. ఆరుగురు విద్యార్థులు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరికి వెళతారు. ఒక ఏడాది ఇక్కడ నియమంగా ఉండండి, తర్వాత మీకు తోచింది అడగండి, మాకు తెలిస్తే చెబుతాం అంటాడాయన. తెలిస్తే! అంతటి ఋషి ఆ షరతు పెట్టుకున్నాడు. ఆ ఆరుగురిలో సుకేశుడు, తనను ఒక రాజకుమారుడు ఏదో అడిగితే తెలియదని చెప్పేశాననీ, అబద్ధమాడేవాడు కూకటివేళ్లతో సహా ఎండిపోతాడనీ అంటాడు. మొదటి ఏడాది కోర్సువర్కు, రొటేషన్లు, ల్యాబు మీటింగుల్లో మౌనంగా కూర్చోవడం అన్నీ ఆ ఏడాది వాసం లాంటివే. చెయ్యి తిరగకముందే సందేహాలు మొదలెడితే అవి సందేహాలు కావు, వచ్చీరాని మాటలు. పైపెట్ పట్టడం రానివాడికి 46 కనబడినా విలువుండదు. ఆ ఏడాది గడిచాక అడగనివ్వకపోతే మాత్రం అది గురుకులం కాదు, జీతమిచ్చి పెట్టుకున్న భజన.

మరి దేవుడి సంగతి? 1964లో, హైదరాబాద్‌లోని రీజినల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో పనిచేస్తున్న పుష్పమిత్ర భార్గవ, మరికొందరితో కలిసి సైంటిఫిక్ టెంపర్ కోసం ఒక సంఘం పెట్టారు. ఈ భార్గవే ఆ తర్వాత హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) తొలి డైరెక్టరయ్యారు. సభ్యులయ్యేవాళ్లు ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. జ్ఞానం మనిషి ప్రయత్నం వల్లే వస్తుంది తప్ప దైవవాణి వల్ల కాదని దాని సారం. సంతకం పెట్టడానికి శాస్త్రవేత్తలే వెనకాడారని ఆయన తర్వాత బాధగా రాసుకున్నారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల బాధ్యతగా 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చింది. ఇప్పటికీ ఆయుధపూజ నాడు సెంట్రిఫ్యూజులకు కుంకుమబొట్లు పెట్టే ల్యాబులు మన దగ్గర బోలెడు.

భార్గవ నిరాశ న్యాయమైనదే. ఆయన కొలబద్ద మాత్రం సరైనచోట పెట్టలేదనిపిస్తుంది. సంతకం కూడా ఒక విశ్వాస ప్రకటనే కదా. కుంకుమబొట్టు వల్ల సెంట్రిఫ్యూజు వేగం మారదు, డేటా మారదు. పెయింటర్, సూ, లుండ్‌లో పని ఆపేసినవాళ్లు, వీళ్లలో ఎవరూ 48ని దైవవాణి అనుకోలేదు. శాస్త్రమనే అనుకున్నారు. ల్యాబులో నష్టం చేసిన మూఢనమ్మకాల జాబితా రాస్తే, గోడమీది పటం కంటే ముందు ఫ్రీజరులోని డబ్బా ఉంటుంది, 'మన ల్యాబులో అంతే' ఉంటుంది, పెద్దాయన బాధపడతారన్న మొహమాటం ఉంటుంది.

కొత్తగా ల్యాబుల్లో చేరేవాళ్లకు ఒక విన్నపం. మీరు వాడబోయే కణాలకు ఎస్‌టీఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారో అడిగి, ఆ కాగితం చూడండి. చేతికి ఇచ్చిన ప్రొటోకాల్ మొదట ఏ పేపరులోదో వెతికి చదవండి. లెక్క అనుకున్నట్టు రాకపోతే, వచ్చిన అంకెనే నోట్‌బుక్‌లో సిరాతో, తేదీతో రాసి పెట్టండి. గైడులకూ ఒక మాట. ఆ కాగితం అడిగినప్పుడు విసుక్కోకండి. లేకపోతే లేదని చెప్పి, ఆ వారమే శాంపిల్ పరీక్షకు పంపండి.